రాత్రికి రాత్రే మారెడు కారు

చిత్తూరునకు సమీపమున, బాహుదా నదీతీరమున, కాణిపాకమను పుణ్యక్షేత్రము కలదు. క్రొత్తగా కొన్న మోటారు వాహనములను అచ్చటి వరసిద్ధి వినాయకుని సన్నిధికి తెచ్చి పూజ చేయించుట ఆ ప్రాంతమువారి ఆచారము. కారు ముఖమునకు పసుపు కుంకుమలు పెట్టుదురు; పూలమాల వేయుదురు; హారతి యిచ్చి కొబ్బరికాయ కొట్టుదురు; చక్రముల క్రింద నిమ్మకాయలుంచి బండిని ముందునకు నడుపుదురు. నిమ్మకాయలు చితికినంతట బండి తమ యింటిదైనదని కుటుంబమంతయు సంతసించును. ఆ దినము మొదలు కొన్ని వారములపాటు డ్రైవరు జాగ్రత్తగా నడుపును. బ్రేకు ఎంత నొక్కిన ఎంత పట్టునో, స్టీరింగు ఎంత త్రిప్పిన బండి ఎంత మళ్లునో, గుంతలో దిగినప్పుడు ఎట్లు ఊగునో అతని కాలికిని చేతికిని క్రమముగా తెలియవచ్చును. ఒకసారి తెలిసిన పిమ్మట అతడు దానినిగూర్చి మరల ఆలోచింపడు. ఆలోచింపకయే కాలు బ్రేకుమీదికి పోవును.

నేడు అమ్ముడగుచున్న కార్లలో కొన్నింటి విషయమున ఈ పరిచయము ఒక్కసారితో ముగియుట లేదు. రాత్రి యింటిముందు నిలిపిన కారు తెల్లవారునప్పటికి కొంత మారియుండవచ్చును. చక్రములవియే, రంగదియే, నంబరదియే. కాని ఆపద కనపడినప్పుడు బ్రేకు తనంతట తాను పడు సమయము మారియుండును. లేదా ముందుపోవు బండికిని తనకును నడుమ కారు విడిచిపెట్టు దూరము మారియుండును. మెకానిక్కు ఎవడును వచ్చి బానెట్టు ఎత్తలేదు. గాలిలో వచ్చిన సందేశమొకటి కారులోని కంప్యూటరునకు చేరి, అది నడచుకొను పద్ధతిని మార్చినది. దీనినే సాఫ్ట్‌వేరు అప్‌డేట్ అందురు. బండి కొంత క్రొత్తదైనను, ఈసారి నిమ్మకాయలు పెట్టువారెవరును లేరు.

ఈ మార్పు ఎట్లు సాధ్యమో తెలియవలెనన్న, ఇట్టి కారు రోడ్డును ఎట్లు చూచునో ముందుగా తెలిసికొనవలెను. ముందు అద్దమునకు లోపల, పైభాగమున, ఒక చిన్న కెమెరా అమర్చబడియుండును. అది రోడ్డుపై గీచిన తెల్లగీతలను, ముందుపోవు వాహనములను, మనుష్యులను చూచును. ముందు బంపరు ప్రక్కన రాడారు అను పరికరముండును. శేషాచలపు లోయలో నిలిచి బిగ్గరగా కేకవేసినచో ఎదుటి కొండను తాకి ప్రతిధ్వని వచ్చును గదా! అది ఎంత ఆలస్యముగా వచ్చిన కొండ అంత దూరమున నున్నదని గ్రహింపవచ్చును. రాడారు చేయు పనియు అట్టిదే. కేకకు బదులు అది రేడియో తరంగములను పంపును. తిరిగి వచ్చిన తరంగములోని మార్పునుబట్టి ఎదుటి వస్తువు దగ్గరకు వచ్చుచున్నదో, దూరముగా పోవుచున్నదో, ఎంత వేగముతో కదలుచున్నదో కూడ లెక్క కట్టును. కెమెరా చూపినదానిని, రాడారు తెలిపినదానిని ఒకచోట చేర్చి, బ్రేకు వేయవలెనా, స్టీరింగును కొంచెము త్రిప్పవలెనా, ఊరకుండవలెనా అని నిర్ణయించునది కంప్యూటరు. దానికి వ్రాసియిచ్చిన ఆదేశముల సముదాయమే సాఫ్ట్‌వేరు. కెమెరాను మార్చుటకు మరలు విప్పవలెను. ఆదేశమును మార్చుటకు వ్రాతను మార్చిన చాలును.

అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమువారు 2014లో వాహనముల స్వయంచాలకతను సున్న మొదలు ఐదు వరకు ఆరు మెట్లుగా విభజించిరి. సున్నలో పనియంతయు మనుష్యునిదే. ఐదవ మెట్టున మనుష్యునితో పనియే లేదు. భారతదేశమున సామాన్యముగా అమ్ముడగుచున్న కార్లు రెండవ మెట్టును దాటలేదు. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 ఇట్టివానిలో పేరెన్నికగన్నది. రాయలసీమలోనే, పెనుకొండ సమీపమునగల కర్మాగారమున తయారగు కియా సెల్టోసు కారునకు 2023లో ఈ సదుపాయము చేరినది. రెండవ మెట్టు కారు తనంత తాను వేగమును తగ్గించుకొనును, పెంచుకొనును, గీతల నడుమ నిలుచును. కాని కన్నార్పక చూచుచుండవలసినవాడు డ్రైవరే. పొరపాటు జరిగినచో సమాధానము చెప్పవలసినవాడును అతడే. అర్ధ స్వయంచాలకము అను మాటలోని ‘అర్ధ’ శబ్దమును కొనువారిలో కొందరు త్వరగా మరచిపోవుదురు. అమ్మువారు దానిని గట్టిగా ఉచ్చరింపకపోవుటయు అందులకు కొంత కారణము.

ఇక అప్‌డేట్ వచ్చు విధము. ఫోనునకున్నట్లే ఇట్టి కార్లలో పెక్కింటికి సొంత సిమ్ ఉండును. కంపెనీవారు సిద్ధపరచిన క్రొత్త ఆదేశములు టెలిఫోను టవరు మీదుగా ముక్కలు ముక్కలుగా కారునకు చేరును. అవి వెంటనే పనిలోనికి దిగవు. వానికి కంపెనీ ముద్ర ఉన్నదా లేదా అని కారు ముందుగా పరీక్షించును. ఈ ముద్ర కంటికి కనపడునది కాదు. రహస్యసంఖ్యలతో కూర్చిన లెక్క. నడుమ ఎవడైన ఒక్క అక్షరము మార్చినను లెక్క కుదరదు. కారు ఆ సందేశమును త్రోసివేయును. ముద్ర సరిపోయినచో క్రొత్త ఆదేశములు కంప్యూటరు జ్ఞాపకములోని ఒక ఖాళీ అరలో చేరును. పాతవి మరియొక అరలో అట్లేయుండును. వేరుశనగ రైతు క్రొత్తరకపు విత్తనము వేసిన యేడు పాత విత్తనమును కొంత గాదెలో నిలుపుకొనును. క్రొత్తది మొలవనిచో పాతది వేయును. మంచి పద్ధతిలో తయారైన కారును ఇట్లే, క్రొత్త ఆదేశములతో మేల్కొనజాలనప్పుడు పాతవానితో మేల్కొనును.

అన్ని కార్లలో ఈ యేర్పాటు ఒకే తీరున లేదు. కొన్నింటిలో పాటలకు, రోడ్డు పటములకు సంబంధించిన మార్పులు మాత్రమే గాలిలో వచ్చును. బ్రేకునకు సంబంధించిన మార్పు కావలెనన్న తిరుపతికో చిత్తూరునకో పోయి సర్వీసు సెంటరులో బండిని విడువవలెను. ఈ రెండవ పద్ధతియే మేలను డ్రైవర్లు లేకపోలేదు. అచ్చట అడుగుటకు ఒక మనిషియైన ఉండునని వారి వాదము.

అప్‌డేట్‌ల మీద డ్రైవర్లు పెట్టుకొన్న ఆశలు నిరాధారములు కావు. 2018 మే నెలలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అను అమెరికా పత్రికవారు టెస్లా కంపెనీవారి మోడల్ 3 కారును పరీక్షించిరి. గంటకు 60 మైళ్ల వేగముతో పోవుచు బ్రేకు వేసినచో ఆ కారు 152 అడుగుల దూరము పోయిన తరువాత గాని నిలువలేదు. అట్టి కారునకు అది ఎక్కువ దూరమని పత్రిక ఆక్షేపించినది. కొలది దినములలో కంపెనీవారు గాలిలో ఒక అప్‌డేట్ పంపిరి. మరల పరీక్షించినప్పుడు అదే కారు 133 అడుగులలో నిలిచినది. తగ్గినది 19 అడుగులు. బడి ముందు రోడ్డు దాటుచున్న పిల్లవానికిని, బండికిని నడుమ 19 అడుగులన్న ఏమో చెప్పనక్కరలేదు. పూర్వకాలమున ఇట్టి లోపము బయటపడినచో వేలాది బండ్లను వర్కుషాపులకు పిలిపింపవలసి వచ్చెడిది. ఎందరో వచ్చెడివారు కారు. అంతకు ముందు, 2015 అక్టోబరులో, అదే కంపెనీ ఒక యేడాది పూర్వము అమ్మిన కార్లు ఒక అప్‌డేట్‌తో తమంత తాము గీతల నడుమ స్టీరింగు త్రిప్పుకొన నేర్చినవి. కొన్న నాటికంటె ఏడాది తరువాత ఎక్కువ పని నేర్చిన బండి లోకమునకు అంతకుముందు తెలియదు.

తిరుపతి డ్రైవర్లకు ఈ ఆశ మరింత దగ్గరిది. హైదరాబాదు నుండి తిరుపతికి 550 కిలోమీటర్లకు పైబడిన దూరము. బెంగుళూరు నుండి 250 కిలోమీటర్లు. ఉదయపు దర్శనమునకు అందవలెనని యాత్రికులు రాత్రి బయలుదేరుదురు. వెనుక సీట్లలోనివారు నిద్రింతురు, డ్రైవరు మేల్కొనియుండవలెను. రాత్రి రెండు గంటల నుండి ఐదు గంటల వరకు కన్ను తెలియకయే మూతపడు వేళ. ఆ క్షణమున బండి గీత దాటుచున్నదని స్టీరింగు అదరి తెలిపినను, ముందున్న లారీని చూచి బ్రేకు తనంత తాను పడినను ఒక కుటుంబము నిలుచును. కావుననే, నేడు దీపములేని ట్రాలీని గుర్తింపలేని కారు రేపటి అప్‌డేట్‌తో గుర్తించునేమో, అనవసరముగా మ్రోగు గంట తగ్గునేమో అని వారు ఎదురు చూతురు.

భయములును అంత బలమైనవే. వానిలో మొదటిది కొండమీద తెలియును.

తిరుమలకు మోటారు దారి 1944లో ఏర్పడినది. అంతకు పూర్వము యాత్రికులు కాలినడకను గాని డోలీలలో గాని కొండ ఎక్కుచుండిరి. 1970 దశకమున రెండవ ఘాట్ రోడ్డు వచ్చిన పిమ్మట అది ఎక్కుటకును, పాతదారి దిగుటకును ఏర్పడినవి. దేవస్థానమువారు ఈ దారులపై వాహనములు తీసికొనవలసిన కనీస కాలమును నిర్ణయించిరి: ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు. ఎక్కుట కష్టము, దిగుట సులభమని తలచువారికి ఈ లెక్క వింతగా తోచును. అనుభవజ్ఞులైన డ్రైవర్లకు వింత లేదు. ఎక్కునప్పుడు బండిని ఇంజను లాగవలెను, అంతే. దిగునప్పుడు బండి బరువంతయు డ్రైవరుమీద పడును. బ్రేకును ఎడతెగక తొక్కినచో అది వేడెక్కి పట్టు కోలుపోవును. కావున తక్కువ గేరులో దిగి, ఇంజనుచేతనే బండిని పట్టియుంచవలెను.

విద్యుత్ వాహనములలో ఈ పట్టు మోటారునుండి వచ్చును. యాక్సిలరేటరు మీదినుండి కాలు తీసినంతనే మోటారు జనరేటరుగ మారి, చక్రములను వెనుకకు పట్టుచు బ్యాటరీకి విద్యుత్తు నిచ్చును. తిరుపతి–తిరుమలల నడుమ 2022 సెప్టెంబరులో ప్రారంభమైన విద్యుత్ బస్సులును దిగునప్పుడు ఈ పద్ధతిని వాడుకొనునవే. ఈ పట్టు ఎంత గట్టిగా ఉండవలెనో నిర్ణయించునది సాఫ్ట్‌వేరు. నిన్నటివరకు కాలు తీసినంతనే గట్టిగా పట్టిన కారు, అప్‌డేట్ తరువాత మెత్తగా పట్టుచున్నదనుకొందము. మైదానమున అది చిన్న మార్పు. ఒకటి రెండు దినములలో అలవాటగును. పాత ఘాట్ రోడ్డు మలుపున, ఎడమ ప్రక్క లోయయుండగా, కాలు పాత లెక్కనే నమ్మియున్నప్పుడు అది చిన్నది కాదు. (అప్‌డేట్‌తో నిమిత్తము లేని సంగతి యొకటి: బ్యాటరీ నిండుగానున్నప్పుడు విద్యుత్తును చేర్చుకొనుటకు చోటుండదు; పట్టు తగ్గును. కొండమీద నిండుగా ఛార్జి చేసికొని వెంటనే దిగుట తెలివైన పని కాదు.)

మలుపులలో రాడారునకు మరియొక చిక్కు కలదు. అది తిన్నగా ముందునకు చూచును. ముందుపోవు జీపు మలుపు తిరిగినంతనే దాని చూపునుండి జారిపోవును. రోడ్డు ఖాళీయైనదని తలచి కారు వేగము పెంచుకొనవచ్చును. అందుచేతనే కంపెనీల చేతిపుస్తకములలో, వంకర మలుపులుగల కొండదారులలో వేగమును యంత్రమునకు అప్పగింపవలదను హెచ్చరిక కనపడును. ఆ సంగతి ఎరిగిన డ్రైవరు అలిపిరి దాటకముందే ఆ సహాయమును ఆపివేయును. కాని అప్‌డేట్ తరువాత కొన్ని కార్లలో యజమాని పెట్టుకొన్న ఏర్పాట్లు చెరిగి, కంపెనీ పెట్టిన ఏర్పాట్లు తిరిగి వచ్చును. తాను ఆపిన మీట ఆపినట్లే యున్నదని అతడు నమ్మును, అది ఆగియుండదు.

కొండ దిగి చిత్తూరు వైపు వచ్చినచో చిక్కులు వేరు. జూన్ నెలలో తోతాపురి మామిడికాయల కాలము. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు ప్రక్కన బారులు తీరియుండును. రాత్రివేళ వానిలో కొన్నింటికి వెనుక దీపముండదు. పల్లెలవద్ద ఉలవలు, రాగికంకులు రోడ్డుపై పరచి వచ్చిపోవు బండ్లచేత త్రొక్కించుట ఇంకను కలదు. కావడులు మోయుచు, పసుపుబట్టలు కట్టి, తమిళదేశమునుండి నడచివచ్చు భక్తులు తెల్లవారుజామున రోడ్డు అంచున సాగుదురు. పలమనేరు, కుప్పము ప్రాంతములలో కౌండిన్య అభయారణ్యమునుండి ఏనుగులు దిగివచ్చి రోడ్డు దాటును. ఆ ప్రాంతపు డ్రైవరు వీనినన్నింటిని ఎరుగును. కారులోని కెమెరా ఎరుగదు. నేర్పినదానినే అది గుర్తించును.

నేర్పుట యనగా వేలకొలది ఫోటోలను చూపి, ఇది మనిషి, ఇది లారీ, ఇది రోడ్డు అంచు అని ఒక్కొక్కదానికి గుర్తు పెట్టుట. లోకమునందలి పరిశోధకులు పెక్కేండ్లు జర్మనీ మొదలగు దేశముల నగరవీథుల ఫోటోలతో యంత్రములకు చదువు చెప్పిరి. ఆ వీథులలో ఆటోరిక్షా లేదు. రోడ్డు నడుమ పడుకొన్న ఆవు లేదు. గీతలు చెరిగిన రోడ్డును అరుదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ కొరతను గుర్తించి, హైదరాబాదు బెంగుళూరు ప్రాంతముల రోడ్లపై తీసిన సుమారు 10 వేల చిత్రములకు గుర్తులు పెట్టి 2018లో లోకమునకు అందించిరి. అందులో వస్తువులకు 34 తరగతులు. ఆటోరిక్షాకు ఒకటి, పశువులకు ఒకటి. హైదరాబాదు ఐఐటీవారు తమ కంది ఆవరణలో మన రోడ్ల తీరును అనుకరించు పరీక్షాస్థలము నొకదానిని నిర్మించిరి. అది 2022 జూలైలో ప్రారంభమైనది. ఇట్టి కృషి ఫలము డ్రైవరునకు చేరుమార్గము మరల అప్‌డేట్ ఒక్కటే. కావున అప్‌డేట్‌ను భయపడు డ్రైవరే దానికొరకు ఎదురుచూడవలసి వచ్చుచున్నది.

మార్పు మేలుకొరకే పంపినను ఒక్కొక్కప్పుడు కీడు కలుగును. 2021 అక్టోబరులో టెస్లావారు పూర్తి స్వయంచాలకమను పేరుగల తమ సాఫ్ట్‌వేరునకు 10.3 అను కూర్పును పరీక్షార్థము కొందరు డ్రైవర్లకు పంపిరి. ముందు ఏ అడ్డమును లేకున్నను ఢీకొందువని కార్లు హెచ్చరింప సాగినవి. కొన్ని తమంత తాము బ్రేకు వేసినవి. వేగముగా పోవు రోడ్డున ముందు కారు ఉన్నట్టుండి ఆగినచో వెనుకవాని గతి ఏమి? ఒక దినము తిరుగకముందే కంపెనీవారు ఆ కూర్పును వెనుకకు తీసికొని పాతదానిని నిలిపిరి; మరునాడు సవరించినదానిని పంపిరి. కంప్యూటరులోని రెండు భాగముల నడుమ సమాచారము తెగిపోవుట దీనికి కారణమని తేలినది. అట్టి కార్లు 11,704 అని ప్రభుత్వమునకు నివేదించిరి. లోపమును ఒక్క రాత్రిలో వేలాది కార్లకు పంచినదియు, దానిని ఒక్క రాత్రిలో మాన్పినదియు ఒకే మార్గము.

2023 డిసెంబరులో అదే కంపెనీ అమెరికా రహదారి భద్రతా సంస్థవారి విచారణానంతరము 20 లక్షలకు పైగా కార్లకు అప్‌డేట్ పంపవలసి వచ్చినది. ఈసారి లోపము యంత్రమునది మాత్రమే కాదు. కారు నడుచుచున్నది గదాయని డ్రైవర్లు రోడ్డును చూచుట మానుచుండిరి. వారిని మేల్కొలుపు హెచ్చరికలు చాలకుండెను. అప్‌డేట్ ఆ హెచ్చరికలను పెంచినది. అంతమాత్రమున చాలునా యని ఆ సంస్థయే 2024 ఏప్రిల్‌లో మరల విచారణ ఆరంభించినది. 2023 నవంబరులో రివియన్ అను మరియొక కంపెనీవారు పొరపాటున తప్పు ముద్రగల కూర్పును పంపగా కొన్ని కార్లలో తెరలు పనిచేయుట మానినవి. అదృష్టవశమున బండ్లు నడచినవి.

దొంగల భయము వేరు. 2015 జూలైలో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇద్దరు పరిశోధకులు, పోవుచున్న జీపు నొకదానిని ఎంతో దూరమునుండి ఇంటర్నెట్టు ద్వారా లోబరచుకొని నడక ఆపి చూపిరి. వారు దొంగలు కారు, లోపమును బయటపెట్టదలచినవారు. ఆ కంపెనీ 14 లక్షల వాహనములను సవరింపవలసి వచ్చినది. కారునకు గాలిలో తలుపొకటి తెరచిన పిమ్మట, ఆ తలుపునకు తాళము వేయుటయు కంపెనీ బాధ్యతయే యని నాటినుండి అందరును గ్రహించిరి.

ఇట్టి అనుభవములనుండి పుట్టినదే 2020 జూన్‌లో జెనీవాలో ఐక్యరాజ్యసమితికి చెందిన వాహనముల సంఘము ఆమోదించిన 156వ నిబంధన. అప్‌డేట్ మధ్యలో తెగిపోయినచో కారు పాతస్థితికైన రావలెను, అపాయము లేని స్థితిలోనైన నిలువవలెను. పని ముగియుటకు చాలినంత విద్యుత్తు ఉన్నప్పుడే అది ఆరంభము కావలెను. నడుపుచుండగా చేయరాని మార్పును నడుపుచుండగా చేయరాదు. ఏమి మారుచున్నదో, ఎంతసేపు పట్టునో, ఆలోపల ఏ సదుపాయము పనిచేయదో వాహనమును వాడువానికి ముందుగా తెలుపవలెను. భారతదేశమునను ఇట్టి ప్రమాణమునకు ముసాయిదా తయారైనది.

‘వాడువాడు’ ఎవడు? అమెరికాలో కారు కొన్నవాడే సాధారణముగా నడుపును, ప్రశ్న పుట్టదు. తిరుపతిలో బండి ట్రావెల్సు యజమానిది, నడుపువాడు జీతగాడు. అప్‌డేట్ వచ్చినదను కబురు యజమాని ఫోనునకు వచ్చును. అతడు రాత్రి భోజనానంతరము ఫోను చూచి ‘సరే’ అను మీట నొక్కి నిద్రించును. తెల్లవారుజామున మూడు గంటలకు డ్రైవరు తాళము తీసికొని, రైల్వే స్టేషనువద్ద యాత్రికులను ఎక్కించుకొని అలిపిరి వైపు సాగును. బండి మారినదని అతనికి చెప్పినవారు లేరు. తెరపై ఒక మాట కనపడవచ్చును. అది ఇంగ్లీషులో ఉండును. అందులోను ‘చిన్న లోపములు సవరింపబడినవి, పనితీరు మెరుగుపడినది’ అని మాత్రమే యుండుట పరిపాటి. ఏ లోపము? ఎచ్చట మెరుగు? బ్రేకునకు సంబంధించినదా, పాటల పెట్టెకు సంబంధించినదా? ప్రమాదము జరిగినచో పోలీసువారు మొదట అడుగునది స్టీరింగు ముందు కూర్చున్నవానినే. తెలియని మార్పునకు బాధ్యుడగుట న్యాయమా యని డ్రైవర్లు అడుగుట సమంజసమే. ఒక చీటీపై తెలుగున నాలుగు ముక్కలు వ్రాసి తాళముతో పాటు ఇచ్చుటకు యజమానికి పట్టు కాలము రెండు నిమిషములు.

బ్రతుకుతెరువును గూర్చిన దిగులును కలదు. నేడు గీతల నడుమ నడుచు కారు, ఏడాదికొక అప్‌డేట్‌తో నేర్చుచు నేర్చుచు, ఒకనాడు డ్రైవరే వలదనునేమో? కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో, లక్షలాది డ్రైవర్ల ఉపాధి పోవునని చెప్పి, డ్రైవరులేని కార్లను దేశములోనికి రానీయనని ప్రకటించెను. ఆ మాట డ్రైవర్లకు కొంత ఊరట నిచ్చినది. కాని ఘాట్ రోడ్డు ఎరిగినవారికి అంతకంటె పెద్ద ఊరట మలుపులలోనే కలదు. గీతలు చెరిగిన వానాకాలపు రాత్రి, పొగమంచులో, ఎదుట కొండచిలువయో రాలిన బండయో తెలియని చోట, రెండవ మెట్టు యంత్రము తెరపై అడుగునది ఒక్కటే: స్టీరింగు పట్టుకొనుమని.

జాగ్రత్తగల డ్రైవరు అప్‌డేట్ వచ్చిన ఉదయము చేయు పని యొకటి కలదు. యాత్రికులను ఎక్కించుకొనకముందు, ఊరి వెలుపల ఖాళీ రోడ్డుకు బండిని తీసికొనిపోవును. తెరపైనున్న ఏర్పాట్లను ఒక్కొక్కటిగా తెరచి, తాను ఆపినవి ఆగియున్నవో లేదో చూచును. నలుబది కిలోమీటర్ల వేగమున పోవుచు కాలు తీసి, బండి ఎంతలో మెల్లబడునో గమనించును. బ్రేకును ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా తొక్కును. రెండు మూడు సార్లు ఇట్లు చేసిన పిమ్మట, కాలునకు క్రొత్త లెక్క తెలిసినదని తోచినప్పుడు, బండిని స్టేషను వైపునకు మళ్లించును. ఇందులకు పట్టునది పదునైదు నిమిషములు.